‘బండి మీదున్నావా? అయితే పెట్టేయ్!’

సాయంత్రం ఆరు గంటలు. మిర్యాలగూడలో రైసు మిల్లుల వైపు ధాన్యం ట్రాక్టర్లు, బియ్యం లోడు లారీలు కదులుతుంటాయి. వాటి మధ్య నుంచే డ్యూటీ ముగించుకుని ఇళ్లకు వెళ్లే బైకులు. ఏదో ఒక బైకు మీద మెడ పక్కకి వంచి, హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకున్న మనిషి కనిపిస్తూనే ఉంటాడు. అవతల మాట్లాడేది ఎవరు? చాలాసార్లు ఇంట్లోవాళ్లే. ‘ఎక్కడిదాకా వచ్చావ్?’, ‘వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ తీసుకురా’. ప్రేమతో చేసే ఈ ఫోనే ప్రాణం మీదికి తేవచ్చు.

చేతులు ఖాళీ... మెదడు కాదు

‘బ్లూటూత్ ఉంది కదా, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి’ అంటారు చాలామంది. అసలు ఇబ్బంది చేతులతో కాదు, ధ్యాసతో. మాట్లాడటం, బండి నడపటం రెండూ మెదడుకు పనులే. రెండింటినీ ఒకేసారి అప్పగిస్తే అది అటూ ఇటూ మారుతూ ఉంటుంది. కళ్లు ఎదురుగానే చూస్తున్నా, అడ్డొచ్చిన మనిషిని మెదడు గుర్తించదు. గుర్తించినా బ్రేకు వేయడం ఆలస్యమవుతుంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లయితే ముందు లారీ కనిపించగానే మాట ఆపేస్తారు. ఫోన్లో ఉన్నవాళ్లకు ఆ లారీ కనిపించదు.

డ్రైవింగ్‌లో ఫోన్ వాడేవారికి ప్రమాదం ముప్పు దాదాపు 4 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినా భద్రత పెద్దగా పెరగదని కూడా హెచ్చరిస్తోంది.

5 సెకన్ల లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. మెసేజ్ చూడటానికి 5 సెకన్లు తల దించితే, 80 మీటర్లకు పైగా కళ్లు మూసుకుని నడిపినట్టే. సూర్యాపేట, కోదాడ మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై కారు 80లో పోతుంటే అది 110 మీటర్లు. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట వెనుక లైటు లేని ట్రాక్టరు ఎదురుపడటానికి అంత దూరం కూడా అక్కర్లేదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా చిన్నారులు చనిపోయారు. ఆ సమయంలో డ్రైవర్ ఫోన్లో ఉన్నాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. తెలుగువాళ్లు మరిచిపోలేని ఉదయం అది.

ఏం చేయాలి?

* బండి ఎక్కేముందే ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి బ్యాగులోనో, డిక్కీలోనో వేయండి. ‘డ్రైవింగ్ మోడ్’ ఉంటే ఆన్ చేయండి.
* దారి చూపే మ్యాప్‌ను బయల్దేరేముందే సెట్ చేసుకోండి.
* తప్పనిసరి ఫోనైతే రోడ్డు దిగి, పక్కన సురక్షితంగా ఆపి మాట్లాడండి. మలుపుల్లో, వంతెనల మీద ఆపొద్దు.
* ఫోన్ పెట్టేసిన వెంటనే వేగం పెంచకండి. ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకి రావడానికి కొంత సమయం పడుతుంది.
* ప్రమాదం కనిపిస్తే 108కి, జాతీయ రహదారిపై అయితే 1033కి ఫోన్ చేయండి.

ఫోన్ చేతిలో పట్టుకుని నడపటం చట్టప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తొలిసారి దొరికితే రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

అయితే జరిమానా కన్నా ముందు ఆపగలిగేది ఇల్లే. ఈరోజు నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. ఫోన్ ఎత్తగానే మొదటి మాట ‘బండి మీదున్నావా?’ కావాలి. అవునంటే, ‘ఇంటికొచ్చాక మాట్లాడదాం’ అని మీరే పెట్టేయండి. పాల ప్యాకెట్ రేపైనా తెచ్చుకోవచ్చు. మనిషి మాత్రం ఈ రోజే ఇంటికి రావాలి.