చొక్కా మీద కెమెరా... స్విచ్చు ఎవరి చేతిలో?

2023 జనవరి 23. అమెరికాలోని సియాటిల్ నగరం. కర్నూలు జిల్లా నుంచి చదువుకోవడానికి వెళ్లిన 23 ఏళ్ల అమ్మాయి రోడ్డు దాటుతోంది. గంటకు 40 కిలోమీటర్లు మించకూడని ఆ వీధిలో ఓ పోలీసు కారు దాదాపు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఢీకొట్టింది. ఆమె ప్రాణాలు దక్కలేదు.

కారు నడిపిన పోలీసు మత్తులో ఉన్నాడేమో పరీక్షించడానికి మరో అధికారి వచ్చాడు. పని ముగించుకుని వెళ్తూ పోలీసు సంఘం నాయకుడితో ఫోన్లో మాట్లాడాడు. ఆ అమ్మాయి చనిపోయిందంటూ నవ్వాడు. 11 వేల డాలర్లకు చెక్కు రాసేస్తే సరి, ఆమె విలువ అంతంతమాత్రమే అన్నాడు. తన చొక్కాకున్న కెమెరా ఇంకా పనిచేస్తోందన్న సంగతి గమనించుకోలేదు!

ఆ నవ్వు మనకు వినిపించింది సెప్టెంబరులో. అప్పటిదాకా పోలీసుశాఖ దగ్గరే ఉంది. అక్కడి ఉద్యోగి ఒకరు తన పనిలో భాగంగా విని పైవాళ్లకు చెప్పబట్టి బయటికొచ్చింది. న్యాయవాదుల ధోరణిని వెక్కిరించానే తప్ప ఆ అమ్మాయిని కాదని ఆ అధికారి వాదించాడు. 2024 జులైలో ఉద్యోగం పోయింది. సరే, ఆ ఉద్యోగి వినకపోయి ఉంటే?

కెమెరా పెడితే చాలు, పోలీసులు దారికొస్తారని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. అందుకు కారణం లేకపోలేదు. 2012లో కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న పట్టణంలో 54 మంది పోలీసులతో ఏడాదిపాటు ప్రయోగం చేశారు. ఫిర్యాదులు దాదాపు 90 శాతం తగ్గాయి. బలప్రయోగం సగానికి పైగా తగ్గింది. ఇంకేం, ఊరూరా కెమెరాలే! తీరా రాజధాని వాషింగ్టన్‌లో 2 వేల మందికి పైగా పోలీసులను పరిశీలిస్తే కెమెరా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2017లో వచ్చిన ఫలితమిది.

ఎందుకిలా? రియాల్టో ప్రయోగంలో పాలుపంచుకున్న కేంబ్రిడ్జి పరిశోధకుడు బరాక్ ఏరియల్ బృందమే 2016లో ఓ జవాబు చూపించింది. నిబంధన ప్రకారం ప్రతిసారీ కెమెరా ఆన్ చేసినచోట బలప్రయోగం 37 శాతం తగ్గింది. ఎప్పుడు ఆన్ చేయాలో పోలీసులే నిర్ణయించుకున్నచోట 71 శాతం పెరిగింది! అంటే అసలు విషయం కెమెరాలో లేదు, స్విచ్చులో ఉంది.

అలాగని పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంచమనడమూ కుదరదు. మొగుడు కొట్టాడని ఓ ఇల్లాలు ఫోన్ చేస్తుంది. పోలీసు లోపలికొస్తే ఆమె కన్నీళ్లూ, మూల నక్కిన పిల్లలూ, చిందరవందరగా ఉన్న ఇల్లూ అన్నీ రికార్డయిపోతాయి. ఆ దృశ్యాలు ఎవరు చూడొచ్చు? ఎన్నాళ్లు దాచాలి? అమెరికాలోనే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. నార్త్ కరోలినాలో 2016 నాటి చట్టం ప్రకారం ఆ వీడియో జనానికి విడుదల కావాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాల్సిందే.

మనదగ్గరా చర్చ మొదలైంది కెమెరాలతోనే, చిక్కుపడింది నిర్వహణ దగ్గరే. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగును కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. అయినా 2025 సెప్టెంబరులో, స్టేషన్లలో కెమెరాలు సరిగా పనిచేయడం లేదన్న పత్రికా కథనం చూసి కోర్టు తనంతట తానే మళ్లీ విచారణ చేపట్టాల్సి వచ్చింది.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం సోదాల విషయంలో మాత్రం ఓ మంచి పని చేసింది. పోలీసులు మీ ఇల్లు సోదా చేస్తే దాన్ని వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తోనైనా సరే. తీసి తమ దగ్గరే అట్టేపెట్టుకోకూడదు. ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి. చౌరస్తాలో మనల్ని ఆపే పోలీసు చొక్కా మీద కెమెరా ఉన్నప్పుడు కూడా అడగాల్సింది ఇదే... ఆ వీడియో సాయంత్రానికి ఎవరి చేతికి వెళ్తుంది?