మూడు సరస్సుల రహదారిపై మన డ్రైవర్లు

చెన్నై నుండి కోల్‌కతా వరకు సాగే 16వ నంబరు జాతీయ రహదారికి మూడు పెద్ద సరస్సులు పొరుగున ఉన్నాయి. దక్షిణాన సూళ్లూరుపేట వైపు పులికాట్, మధ్యలో ఏలూరుకు దిగువన కొల్లేరు, ఉత్తరాన ఒడిశాలో చిలికా. పాత డ్రైవర్లు నేటికీ దీనిని ఐదో నంబరు రోడ్డనే అంటారు. నరసాపురం ఈ రహదారి మీద లేదు. మన ఊరిని తాకి పోయేది 216వ నంబరు రహదారి. అయినప్పటికీ మన ఇండ్లలో కొన్నింటికి అన్నం పెడుతున్నది ఆ పదహారో నంబరు రోడ్డే.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలకు పెద్ద బజారు బెంగాలులో ఉంది. ఖాళీ లారీ నరసాపురంలో బయలుదేరి భీమవరం మీదుగా ఆకివీడో, కైకలూరో చేరుతుంది. పిండి చేసిన ఐసు పొరల మధ్య చేపలను పేర్చిన ట్రేలు ఎక్కిస్తారు. అక్కడి నుండి తాడేపల్లిగూడెం వచ్చి పెద్ద రోడ్డు ఎక్కితే రాజమండ్రి, తుని, విశాఖ, ఇచ్ఛాపురం. ఆపైన ఒడిశా అంతా దాటి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా. మొత్తం 1,000 కిలోమీటర్లకు పైమాటే. సిమెంటు లోడు ఒకరోజు ఆలస్యమైనా సిమెంటుగానే ఉంటుంది. చేప అలా ఉండదు. ఐసు కరుగుతున్న కొద్దీ సరుకు విలువ కరుగుతుంది. హౌరాలో బేరాలు తెల్లవారుజామునే మొదలవుతాయి గనుక, వేళ తప్పిన బండి మరునాటి దాకా నిలబడవలసిందే. ఆ తొందర అంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి కళ్ళ మీద పడుతుంది.

సాయంత్రం ఆకివీడులో కదిలిన బండి ఎక్కువసేపు ఆగకుండా నడిస్తే, ఇచ్ఛాపురం సరిహద్దు చేరేసరికి రాత్రి చివరి జాము. పూర్వం అక్కడి చెక్‌పోస్టులో గంటల తరబడి లారీలు బారులు తీరేవి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రాలు పోయాయి. మేలే జరిగింది. కాని ఒక డ్రైవరు నాతో అన్న మాట ఆలోచింపజేసింది: “మౌల్వీ సాబ్, ఆ లైనులో నిలబడ్డప్పుడే కాస్త కునుకు పడేది. ఇప్పుడు అదీ లేదు.”

బరంపురం దాటి రంభ చేరాక కుడివైపున చిలికా కనిపిస్తుంది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకునే ఉప్పునీటి సరస్సు అది. ఎడమ ప్రక్క కొండలు, కుడి ప్రక్క నీరు, మధ్య రైలు మార్గం, రహదారి. బాలుగావ్ వరకు దారి ఇంచుమించు ఆ సరస్సుతోనే నడుస్తుంది. నాలుగు వరుసల నున్నని రోడ్డు, నీటి మీదుగా వచ్చే చల్లగాలి, శీతాకాలమైతే పొగమంచు, అప్పుడే తెలవారుతున్న వేళ. యాత్రికునికి ఇది అందమైన దృశ్యం. రాత్రంతా బండి నడిపినవానికి ఇదే కన్ను మూతపడే చోటు. పైగా అదే ఫజ్ర్ నమాజు సమయం.

నిద్రను జయించడం మగతనమనే భ్రమ మన యువకుల్లో ఉంది. ఖైనీ, గుట్కా, కొన్నిచోట్ల అంతకంటే చెడ్డవి కూడా ఈ భ్రమకు తోడవుతున్నాయి. ఖైబర్ నుండి తిరిగివస్తున్న రాత్రి జరిగిన సంఘటన హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ప్రయాణం ఆపించి, ఫజ్ర్‌కు లేపే బాధ్యతను హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించి విశ్రమించారు. బిలాల్ కూడా ఒంటెకు ఆనుకుని నిద్రలోకి జారుకున్నారు. ఎండ తగిలాకనే అందరికీ మెలకువ వచ్చింది. అప్పుడు నమాజు చేశారు. మనం ఈ సంఘటనను తప్పిపోయిన నమాజు ఎలా తీర్చుకోవాలో చెప్పడానికే ఉదహరిస్తాము. నా దృష్టిలో దాని మొదటి సగమూ అంతే ముఖ్యం: నిద్ర ముంచుకు వచ్చినప్పుడు అంతటి నాయకుడు సైన్యాన్నే ఆపారు. రాత్రి విడిది చేసేటప్పుడు దారికి ఎడంగా దిగమని కూడా ఆయన ఆదేశించారు. రోడ్డు అంచునే బండి ఆపి, వెనుక దీపం వెలిగించకుండా పడుకునేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. చీకట్లో నిలిచి ఉన్న లారీని ఢీకొని పోయే ప్రాణాలు ఎన్నో.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2025 దాకా అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనినీ, 5 గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతినీ నిర్దేశించింది. దూర ప్రయాణాలకు సడలింపు ఇచ్చినా అది 10 గంటలు మించేది కాదు. ఒక్క డ్రైవరుతో హౌరా పంపే యజమాని ఈ లెక్కను ఏనాడైనా వేశాడా? ఇద్దరు డ్రైవర్లుంటే రెండో బత్తా దండుగ అనుకునేవారిలో మనవారూ ఉన్నారని చెప్పక తప్పదు. 2025 అక్టోబరు నుండి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. చల్లదనం మంచిదే గాని అది నిద్రకు బదులు కాదు.

ఇంటివారి పాత్ర కూడా తక్కువది కాదు. “ఎక్కడిదాకా వచ్చావు?” అని గంటకోసారి ఫోను చేసే తల్లి ప్రేమతోనే చేస్తుంది. ఆమె కొడుకు మాత్రం ఒక చేత్తో ఫోను, మరో చేత్తో ముప్పై టన్నుల బండి పట్టుకుని ఉంటాడు. ఆగినప్పుడు తానే ఫోను చేస్తాడని ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.

రమజాన్‌లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఉపవాసం గురించి. ప్రయాణీకుడు ఆ రోజులను తరువాత పూర్తి చేసుకోవచ్చునని దివ్య ఖుర్ఆన్ అల్‌బఖరా సూరాలోనే అనుమతి ఉంది. ప్రయాణంలో ఉపవాసముండి సొమ్మసిల్లిన ఒక వ్యక్తికి జనం నీడ పడుతుండగా చూసి, ఇది పుణ్యకార్యం కాదని ప్రవక్త (స) అన్నారు. శక్తి ఉన్నవాడు ఉండవచ్చు. ఎండలో, నిద్రలేమితో, ఇతరుల ప్రాణాలు కూడా చేతిలో ఉన్నవాడు అనుమతిని వాడుకుంటే ఇంట్లో ఎవరూ అతనిని చిన్నచూపు చూడరాదు.

ఇక నమాజు సంగతి. మన హనఫీ లెక్కలో సుమారు 78 కిలోమీటర్ల దూరం సంకల్పించి ఊరి ఇండ్లు దాటితే అతడు ప్రయాణీకుడు. ఆకివీడు అంత దూరం లేదు గదా అని కొందరికి సందేహం. సంకల్పం హౌరాకు అయినప్పుడు, మధ్యలో లోడుకు ఆగినా నరసాపురం పొలిమేర దాటగానే ఖస్ర్ వర్తిస్తుంది: జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. జుహ్ర్‌ను దాని చివరి వేళలో, అస్ర్‌ను వేళ కాగానే చేస్తే ఒకే పెట్రోలు బంకులో ఒక్కసారి ఆగడంతో రెండూ నెరవేరుతాయి. స్థానిక ఇమాం వెనుక నిలబడితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. తిరుగు ప్రయాణంలో బాలుగావ్ దగ్గర తప్పిపోయిన జుహ్ర్‌ను ఇల్లు చేరాక తీర్చుకునేవాడు రెండు రకాతులే చేస్తాడు. నరసాపురం ఇండ్ల మధ్యకు వచ్చాక వేళ అయిన అస్ర్ మాత్రం నాలుగు.