మోటార్‌హోమ్‌ని క్యాంప్‌సైట్‌లో లెవెల్ చేయడం ఎలా? ఫోనూ, నాలుగు చెక్కలూ ఉంటే చాలు

ఈ రోజు ఎపిసోడ్ అమెరికాలో ఉండే మనవాళ్ళకి బాగా పనికొస్తుంది. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, బే ఏరియాలో ఒక మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని, పులిహోర డబ్బాలు, దోశ పిండి సర్దుకుని యోసెమిటీకి బయల్దేరే బ్యాచ్‌లు చాలానే ఉంటాయి. బండి చేతికిచ్చేటప్పుడు స్టవ్ చూపిస్తారు, జనరేటర్ చూపిస్తారు, టాయిలెట్ ట్యాంక్ ఎలా ఖాళీ చేయాలో చూపిస్తారు. క్యాంప్‌సైట్‌లో బండిని లెవెల్‌గా నిలబెట్టడం గురించి మాత్రం చాలాసార్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందుకే ఇవాళ అదే మాట్లాడుకుందాం.

"ఒక్క రాత్రికే కదా, కొంచెం వాలుగా ఉంటే ఏమవుతుంది?" అని అడుగుతారు. షవర్‌లో నీళ్ళు ఒక మూలన నిలబడతాయి. తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ట్యాంకులో నీళ్ళు ఎంతున్నాయో చూపించే మీటర్ తప్పు చెబుతుంది. పెనం మీద నూనె ఒక పక్కకే జారి దోశ సగం మాడుతుంది, సగం అంటుకుపోతుంది. వీటన్నిటితో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనివి రెండున్నాయి. ఒకటి ఫ్రిజ్, రెండోది బండి దొర్లిపోవడం.

ముందు ఫ్రిజ్ సంగతి చూద్దాం. మన ఇంట్లో ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉంటుంది, వెనకాల గుర్రుమని చప్పుడు చేసేది అదే. మోటార్‌హోమ్‌లలో చాలావాటిలో ఉండేది అబ్జార్ప్షన్ ఫ్రిజ్. దీనికి కంప్రెసర్ లేదు, పంపు కూడా లేదు. లోపల గొట్టాల్లో అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ సీల్ చేసి ఉంటాయి. ప్రొపేన్ గ్యాస్ మంట గానీ కరెంటు హీటర్ గానీ ఆ ద్రవాన్ని కింద వేడి చేస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకి వెళ్తుంది, పైన చల్లారి ద్రవం అవుతుంది. తర్వాత హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి జారి మళ్ళీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. చివరికి నీళ్ళలో కలిసి మళ్ళీ కిందికి, బాయిలర్ దగ్గరికి చేరుతుంది. ఇలా కిందికి రావడానికి మోటారేమీ సాయం చేయదు, పనంతా భూమ్యాకర్షణదే. గొట్టాలకి ఇచ్చిన కొద్దిపాటి వాలులోనే ద్రవం జారాలి.

ఇప్పుడు బండే వంకరగా ఉందనుకోండి. ద్రవం దారి మధ్యలో ఎక్కడో నిలిచిపోతుంది. కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయాక కూడా మంట ఆపకపోతే ఏమవుతుందో, బాయిలర్‌కీ అదే అవుతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా లోపల కలిపిన రసాయనం ఆ వేడికి గట్టిపడి దారి మూసేస్తుంది. అలా మూసుకుపోతే రిపేర్ ఉండదు, కూలింగ్ యూనిట్ మొత్తం మార్చాల్సిందే. ఇంకా ముదిరితే గొట్టం పగిలి హైడ్రోజన్ బయటికొస్తుంది. పక్కనే మంట ఉంది. అంటే బండికి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉందన్నమాట.

యోసెమిటీలో ఇది ఇంకా ముఖ్యం. ఆ పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లలో బండికి కరెంటు కనెక్షన్ ఇవ్వరు. కాబట్టి ఈ రకం ఫ్రిజ్ రాత్రంతా గ్యాస్ మంట మీదే నడవాలి. ఆ టైమ్‌లో మీరూ, అమ్మానాన్నా, పిల్లలూ అదే బండిలో నిద్రపోతుంటారు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. ఘాట్ రోడ్డులో బండి అటూ ఇటూ ఒరుగుతూనే వెళ్తుంది కదా, అప్పుడేం కాదా? కదిలే బండిలో వాలు క్షణక్షణం మారుతుంది, కాబట్టి ద్రవం ఒకేచోట నిలబడే అవకాశం తక్కువ. ఆగిన బండిలో అదే వాలు గంటల తరబడి ఉండిపోతుంది. తేడా అదే.

మీ ఫ్రిజ్ ఏ రకమో తెలుసుకోవడం సులువు. ప్యానెల్ మీద గ్యాస్ అని గానీ ఎల్‌పీ అని గానీ బటన్ ఉంటే అబ్జార్ప్షన్. బ్యాటరీ మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ అయితే వాలుకి ఇంత ఇబ్బంది పడదు.

మరి ఎంత వాలు ఉన్నా ఫర్వాలేదు? ఈ ఫ్రిజ్‌లకి తయారీదారులు మామూలుగా చెప్పే హద్దు ఇది: ఫ్రిజ్ తలుపుకి ఎదురుగా నిలబడి చూస్తే, ఎడమ-కుడి వాలు 3 డిగ్రీలు, ముందు-వెనక వాలు 6 డిగ్రీలు. ఇక్కడే ఒక తిరకాసుంది. ఫ్రిజ్‌ని ఎక్కువగా బండి పక్క గోడకి బిగిస్తారు. అంటే ఫ్రిజ్‌కి ఎడమ-కుడి అయినది బండికి ముందు-వెనక అవుతుంది. కాబట్టి బండి ముక్కు పైకో కిందికో ఉంటేనే ఫ్రిజ్‌కి ఎక్కువ కష్టం. ఈ లెక్కంతా గుర్తుపెట్టుకోలేం అనుకుంటే, ఏ వైపైనా 2 డిగ్రీల లోపు ఉంచండి. నిద్రకీ హాయిగా ఉంటుంది. సున్నా రావాలని పట్టుబట్టి గంటసేపు కుస్తీ పట్టక్కర్లేదు.

ఇప్పుడు కొలవడం. మన ఊళ్ళో మేస్త్రీ గోడ కట్టేటప్పుడు రసమట్టం పెట్టి చూస్తాడు కదా, అది మీ జేబులోనే ఉంది. ఐఫోన్‌లో మెజర్ యాప్ తెరిస్తే లెవెల్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఉచిత బబుల్ లెవెల్ యాప్‌లు దొరుకుతాయి. ఇంట్లో ఉండగానే ఇన్‌స్టాల్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఫోన్ కవర్ తీసేయండి. కెమెరా ఉబ్బు వల్ల ఫోన్ బల్ల మీద సమంగా కూర్చోదు, అందుకని ఆ ఉబ్బు బల్ల అంచు దాటి బయటికి ఉండేలా పెట్టండి. ఒకసారి రీడింగ్ చూసి, ఫోన్‌ని అదే చోట అటుదిటు తిప్పి మళ్ళీ చూడండి. రెండుసార్లూ ఒకే పక్కకి, ఒకే అంత వాలు చూపిస్తే ఫోన్ కరెక్ట్. వేరేగా వస్తే ఆ రెండిటి సగటు తీసుకోండి. కొలవాల్సిన చోటు ఫ్రిజ్ లోపలి అడుగు, లేదా దాని పక్కన నేల. డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి కొలిస్తే లాభం లేదు.

డిగ్రీలు తెలిశాయి. ఎన్ని చెక్కలు కావాలి? లెక్క చిన్నదే. మీటరు దూరానికి ఒక్క డిగ్రీ అంటే సుమారు 1.75 సెంటీమీటర్లు. ఎడమ టైరుకీ కుడి టైరుకీ మధ్య 2 మీటర్లు అనుకుందాం. 2 డిగ్రీల వాలుంటే 7 సెంటీమీటర్లు లేపాలి. ఒక్కో లెవెలింగ్ బ్లాక్ సుమారు అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్లు. మూడు వరసలు పేరిస్తే సరిపోతుంది. అదే 2 డిగ్రీలు ముందు-వెనక అయితే? ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నాలుగున్నర మీటర్లు ఉందనుకోండి, దాదాపు 16 సెంటీమీటర్లు లేపాలి! అంత ఎత్తు బ్లాకుల మీద బండి ఎక్కించడం మంచిది కాదు.

ఈ లెక్కలోంచి వచ్చే సూత్రం ఒకటుంది, ఈ ఎపిసోడ్‌లో ఒక్కటి గుర్తుంచుకోవాలంటే ఇదే: మోటార్‌హోమ్ అయితే ముందు-వెనక వాలుని పార్కింగ్‌తో సరిచేయండి, ఎడమ-కుడి వాలుని చెక్కలతో సరిచేయండి. సైట్‌లోకి వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకండి. రెండు మీటర్లు ముందుకి, రెండు మీటర్లు వెనక్కి జరిపి ప్రతిచోటా బండి ఆపి ఫోన్ చూడండి. ముందు-వెనక వాలు తక్కువగా ఉన్న చోటు దొరికాక, అక్కడ పక్క వాలు సంగతి చూద్దాం.

అసలు సగం పని బుకింగ్‌లోనే అయిపోతుంది. రిక్రియేషన్ డాట్ గవ్‌లో యోసెమిటీ అప్పర్ పైన్స్ లాంటి క్యాంప్‌గ్రౌండ్ తెరిచి, ఒక్కో సైట్ మీద నొక్కితే వివరాలు వస్తాయి. అందులో డ్రైవ్‌వే పొడవుతో పాటు డ్రైవ్‌వే గ్రేడ్ అని ఉంటే చూడండి. వాలు గురించి చెప్పేది అదే. అందరూ నదికి ఎంత దగ్గరో చూసి బుక్ చేస్తారు, మీరు ఈ లైన్ కూడా చూసి చేయండి.

ఇక చెక్కలు వేసే పద్ధతి. తక్కువ ఎత్తులో ఉన్న పక్క చక్రాల ముందు బ్లాకులు మెట్లలా పేర్చండి: కింద వరస పొడుగ్గా, పై వరస పొట్టిగా. బండిని నడిచే వేగం కంటే నెమ్మదిగా ఎక్కించాలి. బయట ఒకరు నిలబడి చెప్పాలి. ఆ మనిషి బండికి ఎదురుగా గానీ వెనకాల గానీ ఉండకూడదు, పక్కన అద్దంలో కనిపించేలా ఉండాలి. "రా మామా, రా రా... ఆగు!" అన్న మాట వినపడకపోయినా, అద్దంలో మనిషి కనపడకపోయినా బ్రేక్ నొక్కేయండి. టైరు మొత్తం చెక్క మీదే కూర్చోవాలి, అంచు గాల్లో వేలాడితే టైరు పాడవుతుంది. వెనక జంట టైర్లుంటే రెండిటి కిందా చెక్క ఉండాలి. గుల్ల సిమెంట్ ఇటుకలు వాడొద్దు, బరువుకి పగిలిపోతాయి.

ఎక్కాక గేరు పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, అప్పుడు చక్రాలకి అడ్డు పెట్టండి. మన హైవేల మీద లారీ ఆగితే క్లీనర్ దిగి ముందు చేసే పని టైరు కింద రాయి పెట్టడం. అదే పని ఇక్కడ చేసేవాటిని వీల్ చాక్స్ అంటారు. నేల మీదే ఉన్న చక్రాలకి, పల్లం వైపు గట్టిగా దూర్చండి.

కొన్ని బండ్లకి బటన్ నొక్కితే దిగే హైడ్రాలిక్ జాక్‌లు ఉంటాయి. చాలా సుఖం, కానీ ఒక జాగ్రత్త. వెనక చక్రాలు రెండూ నేల వదిలేంతగా ఎప్పుడూ లేపకండి. సాధారణంగా పార్కింగ్ బ్రేక్ పట్టుకునేది ఆ వెనక చక్రాలనే. అవి గాల్లో ఉంటే బ్రేక్ ఉన్నా లేనట్టే, బండి జాక్‌ల మీంచి జారిపోగలదు. అలాగే సన్నటి స్టెబిలైజర్ జాక్‌లు ఉంటాయి. అవి లోపల నడిచేటప్పుడు బండి ఊగకుండా పట్టుకోవడానికే, బండిని లేపడానికి కాదు. జాక్ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు, బంతి కోసం పిల్లలు అసలే దూరకూడదు.

మీది కారు వెనక తగిలించే ట్రైలర్ అయితే వరస మారుతుంది. ముందు చెక్కలతో ఎడమ-కుడి సరిచేయండి. ఒకే పక్క రెండు చక్రాలుంటే రెండిటి కిందా చెక్క వేయండి. తర్వాత రెండు వైపులా చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. ఆ తర్వాతే కారు నుంచి విప్పండి. అమెరికా ట్రైలర్లలో ఎక్కువవాటికి హ్యాండ్‌బ్రేక్ ఉండదు, అడ్డు లేకుండా విప్పితే పల్లానికి పోవడమే. విప్పాక ముందు భాగంలో ఉన్న జాక్ తిప్పి ముందు-వెనక సరిచేసుకోవచ్చు. మోటార్‌హోమ్‌లో కష్టమైన వాలు ట్రైలర్‌లో ఇలా తేలిగ్గా తీరిపోతుంది. స్టెబిలైజర్లు అన్నిటికన్నా చివర దించాలి.

ఎంత చేసినా లెవెల్ కుదరని సైట్ దొరికితే? ఫ్రిజ్ ఆపేసి, ఐస్ బాక్స్‌లో పెరుగు, పాలు సర్దేయండి. పడుకునేటప్పుడు తల ఎత్తు వైపు పెట్టుకోండి. రెండు బస్తాల ఐస్ ఖర్చు పెద్ద లెక్కేం కాదు.

ఒకసారి వరస చెప్పుకుందాం. బుకింగ్‌లో గ్రేడ్ చూడాలి. ఫ్రిజ్ దగ్గర ఫోన్‌తో కొలవాలి. బండి జరిపి ముందు-వెనక, చెక్కలతో పక్కలు సరిచేయాలి. చక్రాలకి అడ్డు పెట్టాలి. మళ్ళీ ఒకసారి కొలిచి, 2 డిగ్రీల లోపు ఉంటే అప్పుడు ఫ్రిజ్‌ని గ్యాస్ మీద పెట్టాలి. రెండోసారి చేసేసరికి పావుగంట పని. ఈ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి మీ ట్రిప్ గ్రూప్‌లో పడేయండి, బండి నడిపేది ఎవరైనా సరే, చెక్కలు వేసేవాళ్ళకి కూడా తెలియాలి. జాగ్రత్తగా వెళ్ళి రండి, తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం!