తెరపై ప్రగతి సూచిక

నిరీక్షణ ఎవరికైనను కష్టమే. ఎంతసేపు నిరీక్షించవలెనో తెలియనప్పుడు ఆ కష్టం రెట్టింపవుతుంది. వికారాబాదులో రైలెక్కి తాండూరుకు పోయే ప్రయాణికుడు ధారూరు, రుక్మాపూరు స్టేషన్లను చూచి మిగిలిన దూరాన్ని అంచనా వేసికొంటాడు. నడుమ ఏ గుర్తూ లేకపోతే అదే ప్రయాణం సుదీర్ఘంగా తోస్తుంది. వెబ్ పేజీపై కనిపించే ప్రోగ్రెస్ బార్, అనగా ప్రగతి సూచిక, అటువంటి గుర్తే.

2016లో 'దోస్త్' విధానం వచ్చినది మొదలు మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో సాగుతున్నవి. ఉపకార వేతనాల దరఖాస్తులూ అంతే. కనుక ఈ సూచిక ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో విద్యార్థులు గ్రహించుట ఆవశ్యకం.

పని ఎంత శాతం పూర్తయినదో చూపే సూచికలను జనులు కోరుకొంటారని బ్రాడ్ మైయర్స్ అనే పరిశోధకుడు 1985లో ప్రయోగపూర్వకంగా తెలిపినాడు. 1993లో జేకబ్ నీల్సన్ కాలపరిమితులను వివరించినాడు. 0.1 సెకను లోపల వచ్చిన జవాబు తక్షణమే వచ్చినట్లుంటుంది. 1 సెకను వరకు ఆలోచనాధార తెగదు. 10 సెకన్లు దాటితే మనస్సు వేరొక పనిపైకి మళ్ళుతుంది. అట్టి దీర్ఘకార్యాలకే శాతాన్ని చూపే సూచిక ముఖ్యావసరం.

దీనిలోని గణితం సులభం. మీరు పంపే ధ్రువపత్రం 500 కిలోబైట్లనుకొందాము. అందులో 200 వెళ్ళినచో 40 శాతం పూర్తయినట్లు. ఈ రెండు సంఖ్యలను బ్రౌజరు 'లోడెడ్', 'టోటల్' అను పేర్లతో ప్రోగ్రామునకు అందిస్తూ ఉంటుంది. హెచ్.టి.ఎమ్.ఎల్.లోని 'ప్రోగ్రెస్' అను ట్యాగుకు వాటిని ఇచ్చినచో పట్టీ నిండుతుంది. అంధ విద్యార్థులు వాడే స్క్రీన్ రీడరు సైతం దానిని చదివి వినిపించగలదు.

సర్వరు నుండి సమాచారం మనకు వచ్చేటప్పుడు ఒక చిక్కున్నది. మొత్తం పరిమాణాన్ని సర్వరు 'కంటెంట్-లెంగ్త్' అను హెడరులో ముందుగా తెలుపవలెను. తెలుపనిచో హారం లేని భిన్నం వలె శాతం కట్టుట అసాధ్యం. అప్పుడు అంకె లేకుండా, పని జరుగుతున్నదని మాత్రమే తెలిపే కదిలే పట్టీని చూపుట న్యాయం. కొందరు నిర్మాతలు గడియారాన్ని బట్టి పట్టీని నడిపి, 90 శాతం వద్ద నిలిపి ఉంచుతారు. అది ఊరడింపే గాని సమాచారం కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది 100 శాతం యొక్క అర్థం. పత్రాన్ని పంపునప్పుడు 100 అనగా సమాచారం మన బ్రౌజరు నుండి వెళ్ళినదని మాత్రమే. సర్వరు దానిని పరిశీలించి, భద్రపరచి, జవాబు పంపవలసి ఉన్నది. ఆ కొద్ది క్షణాలలో కిటికీని మూసివేసిన విద్యార్థికి దరఖాస్తు చేరినదో లేదో తెలియదు. ఆఖరు తేదీ నాడైతే ఒక విద్యా సంవత్సరమే పోవచ్చును.

కావున పట్టీ నిండగానే తృప్తి పడక, రసీదు సంఖ్య వచ్చు వరకు ఆగి, దానిని వ్రాసికొనవలెను. రేపు కళాశాలలకు, కార్యాలయాలకు వెబ్‌సైట్లు నిర్మించబోయే మన విద్యార్థులు మరొక మాట గుర్తుంచుకోవలెను. పట్టీ నిండిన తరువాత 'పరిశీలన జరుగుచున్నది, దయచేసి ఆగండి' అని చూపి, సర్వరు జవాబిచ్చిన పిమ్మటనే 'దరఖాస్తు చేరినది' అని తెలుపవలెను.