యంత్రనేత్రము చూచు విధము

మందుల కర్మాగారములో సీసాలు కదలుపట్టీమీద బారులుతీరి సాగిపోవుచుండును. మూత సరిగా బిగిసినదా, చీటీ వంకరగా అంటినదా అని పరీక్షించు పని నేడు పెక్కుచోట్ల కెమేరాకు అప్పగింపబడినది. అది తప్పుగా చూచినచో మంచి సీసా బుట్టపాలగును. లేదా మూత వదులైన సీసా రోగి ఇంటికి చేరును.

ఈ కెమేరాలో ఫిల్ము స్థానమున సిలికాన్ పలక యుండును. దానిపై లక్షలకొలది సూక్ష్మమైన గదులు వరుసలుగా తీర్చబడియున్నవి. వెలుగు సోకినపుడు ప్రతి గదిలోను విద్యుదావేశము కూడుకొనును. అట్లు కూడుకొననిచ్చు కాలమే ఎక్స్‌పోజరు.

మన చేతి ఫోనులలో సాధారణముగా నుండు పలకలో వరుసలన్నియు ఒక్కసారి కన్ను తెరువవు. ఒకదాని పిమ్మట ఒకటి తెరచును. దీనిని రోలింగ్ షట్టరందురు. వరుసకు 10 మైక్రోసెకనుల ఆలస్యమనుకొందము. 1000 వరుసలకు అది 10 మిల్లీసెకనులగును. స్వల్పమే గదా యనిపించును. కాని సెకనుకు ఒక మీటరు వేగమున పోవు సీసా ఆలోపల ఒక సెంటీమీటరు జరుగును. నిటారుగానున్న సీసా చిత్రములో ఒరిగి కనబడును. ఎక్స్‌పోజరు తగ్గించిన సరిపోవునని కొందరు భ్రమింతురు. తగ్గించినచో మసక పోవును గాని ఒరుగుడు పోదు. అది వరుసల నడిమి ఆలస్యమువలన కలిగినది.

గ్లోబల్ షట్టరులో గదులన్నియు ఒకేసారి తెరచి ఒకేసారి మూయును. ప్రతి గది ప్రక్కను వెలుగు చొరని చిన్న కొట్టు కలదు. ఆవేశము అందు దాగి, తన వంతు వచ్చినపుడు లెక్కింపబడును. ఆ కొట్టు స్థలమాక్రమించును, వెలయు పెరుగును. కదలు వస్తువును కొలువవలసిన చోట ఈ ఖర్చునకు వెనుదీయరాదని మా అభిప్రాయము. ఇందును మసక లేకపోలేదు: ఒక మిల్లీసెకను తెరచియుంచిన మన సీసా ఒక మిల్లీమీటరు మేర అలుముకొనును. అందులో పదవవంతు కాలము చాలునన్నచో వెలుగు పదిరెట్లు కావలెను.

చౌక కెమేరాతోనే పని గడుపుకొను ఉపాయమొకటి కలదు. బయటి వెలుగు రాకుండ కప్పి, ఎక్స్‌పోజరును 15 మిల్లీసెకనులకు పెంచినచో, నడుమ సుమారు 5 మిల్లీసెకనులు వరుసలన్నియు తెరచియుండును. ఆ వ్యవధిలోనే దీపమును తటాలున మెరపించినచో అన్ని వరుసలును ఒకే క్షణమును చూచును.

ఆ మెరుపు దీపమునకు విద్యుత్తు నేరుగా ఇంటి తీగనుండి ఈయరాదు. మన దేశపు 50 ఆవృత్తుల విద్యుత్తుతో వెలుగు దీపములు సెకనుకు నూరు మారులు హెచ్చుతగ్గులగును.