చేతులు కడిగితే మంటెందుకు?

బడి నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కోమంటే మీ చెల్లెలో, తమ్ముడో చేతులు వెనక్కు దాచుకుంటున్నారా? ఒట్టి మారామని కోప్పడేముందు ఆ చేతులు ఒకసారి పట్టి చూడండి. వేళ్ల కణుపుల మీద చర్మం ఎర్రబడి, గరుకుగా ఉండి, అక్కడక్కడా సన్నని బీటలు కనిపిస్తే, పాపం, నీళ్లు తగిలినప్పుడల్లా ఆ పిల్లకు చురుక్కుమంటున్నదన్న మాట. చలికాలంలో ఈ బాధ మరీ ఎక్కువ.

పోనీ, కడగటం మానిపిద్దామా? అది కుదరదు. 1847 లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, పురుళ్లు పోసే ముందు డాక్టర్లందరూ బ్లీచింగు పౌడరు నీళ్లలో చేతులు కడుక్కోవాలని నిబంధన పెట్టాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో ఆయన వార్డులో నూటికి 18 మంది తల్లులు చనిపోయారు. జూన్‌లో నూటికి ఇద్దరే పోయారు. చేతులు కడగటంలో అంత మహత్తు ఉన్నది. మన ఇళ్లల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకోకుండా కాపాడేది కూడా చాలావరకు ఇదే.

మరి ఇంత మేలుచేసే సబ్బే మంట ఎందుకు పుట్టిస్తుంది?

మన చర్మం పైపొర ఇటుకగోడ వంటిది. ఇటుకలు చచ్చిన కణాలు. అవి ఒకదాని మీద ఒకటిగా 15, 20 వరసలుంటాయి. ఇటుకల మధ్య సున్నం బదులు ఒకరకం కొవ్వు ఉంటుంది. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి మురికి లోపలికి రాకుండా ఆపేది ఈ గోడే. అరచేతిలో ఇది చాలా మందం. చేతి వెనకవైపున పలచన. అందుచేతనే మంట ముందుగా వెనకవైపునా, కణుపుల మీదా మొదలవుతుంది. పసిపిల్లల చర్మం పెద్దవాళ్ల దానికన్నా పలచన గనక వాళ్లకు మరీ త్వరగా వస్తుంది.

ఇక సబ్బు సంగతి. సబ్బు అణువుకు ఒక తలా, ఒక తోకా ఉన్నవనుకోండి. తలకు నీరంటే ప్రీతి, తోకకు నూనె అంటే ప్రీతి. నెయ్యి అంటిన చేతిని ఒట్టి నీటితో కడిగి చూడండి. నీరు జారిపోతుంది గాని జిడ్డు వదలదు. సబ్బు రుద్దగానే తోకలన్నీ జిడ్డులో గుచ్చుకుంటాయి, తలలు నీటిని పట్టుకుంటాయి, జిడ్డూ దానితోపాటు క్రిములూ కొట్టుకుపోతాయి. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పప్పులో వేసుకున్న నెయ్యి ఏదో, చర్మంలోని కొవ్వు ఏదో సబ్బుకు తెలియదు! అది రెంటినీ లాక్కుపోతుంది. సున్నం రాలిన గోడకు బీటలు పడతాయి. వేడినీళ్లయితే కొవ్వు మరింత సులువుగా పోతుంది.

ఈ బాధ పెద్దవాళ్లకూ తప్పలేదు. 1889-90 శీతాకాలంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో కేరొలిన్ హాంప్టన్ అనే నర్సు ఉండేది. ఆపరేషన్లకు ముందు పాదరసపు మందు కలిపిన నీళ్లలో చేతులు ముంచీ ముంచీ ఆమె చేతులు పుళ్లు పడినంత పనయింది. ఆమె ఉద్యోగం మానుకుంటుందేమోనని హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడికి బెంగ పట్టుకున్నది. ఆయన గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పలచని తొడుగులు చేయించి ఆమెకు ఇచ్చాడు. ఈనాడు ఆపరేషన్ గదిలో అందరూ తొడుక్కునే గ్లౌజులకు అదే నాంది. ఆ మరుసటి వేసవిలో ఆయన ఆ నర్సునే పెళ్లాడాడు.

మీ చెల్లెలికి గ్లౌజులు అక్కర్లేదు. గోడకు సున్నం తిరిగి మెత్తితే చాలు. నీళ్లు చన్నీళ్లో, నులివెచ్చనివో అయి ఉండాలి. వాసనలేని మెత్తటి సబ్బు కొంచెం చాలు, నురుగు మోచేతిదాకా రానక్కర్లేదు. వేళ్ల సందుల్లో సబ్బు మిగలకుండా కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. అసలు కిటుకు ఇక్కడ ఉన్నది: చెయ్యి పూర్తిగా ఆరకముందే, కాస్త చెమ్మ ఉండగానే వాజలీన్ గాని, కొబ్బరినూనె గాని రాయాలి. ఎందుచేతనంటే వాజలీన్‌లో నీరు ఉండదు. అది ఉన్న తేమను పోకుండా మూతవేస్తుందంతే. ఎండిన చేతికి రాస్తే సగం ఫలమే. గ్లిసరిన్ కలిసిన క్రీములు తేమను పట్టి ఉంచుతాయి. తమాషా ఏమిటంటే, నూనెను కాస్టిక్ సోడాతో కలిపి సబ్బు చేసేటప్పుడు ఈ గ్లిసరిన్ కూడా అందులోనే పుడుతుంది!

రాత్రి పడుకోబోయేముందు వాజలీన్ దట్టంగా పట్టించి, చేతులకు పాత నూలు మేజోళ్లు తొడగండి. పిల్లలు దీన్ని ఆటగా తీసుకుంటారు. మేజోళ్లకు కళ్లూ ముక్కూ కుట్టి బొమ్మలు చేస్తే, తొడిగించుకోవటానికి వాళ్లే పరిగెత్తుకొస్తారు.

బీటల మీద నిమ్మరసం పిండటం, సెంటు కలిసిన పౌడరు చల్లటం వంటివి చెయ్యకండి. మంట రెట్టింపవుతుంది. కొందరు పిల్లలు మంట పుట్టినచోట నాకుతారు. ఉమ్మి ఆరినకొద్దీ చర్మం ఇంకా ఎండుతుంది. సీసాలలో వచ్చే శానిటైజరు బీటలకు తగిలితే పిల్ల కేకపెట్టటం ఖాయం. పైగా మట్టి అంటిన చేతులకు అది సరిగా పనిచెయ్యదు.

మంట నాలుగు రోజుల్లో తగ్గవచ్చు. అయినా నూనె రాయటం అప్పుడే మానకూడదు. పైపొర పూర్తిగా కొత్తది కావటానికి కొన్ని వారాలు పడుతుంది. బీటల్లోంచి నెత్తురో, చీమో వచ్చినా, తేనె రంగు పెచ్చులు కట్టినా, వారం పది రోజులు రాసినా గుణం కనపడకపోయినా డాక్టరుకు చూపించాలి. వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు లేచి, రాత్రిపూట విపరీతంగా దురదపెట్టి, ఇంట్లో మరొకరికి కూడా అలాగే ఉంటే అది గజ్జి కావచ్చు. దానికి కొబ్బరినూనె మందు కాదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవలసి ఉంటుంది.