ఆల్ప్స్ లోయలలో అక్షరదీక్ష

ఇటలీ దేశపు వాయవ్యభాగమున, ట్యూరిన్ నగరమునకు పడమటగా, ఫ్రాన్సు సరిహద్దు నానుకొని కొన్ని కొండలోయలు కలవు. అచ్చటి వాల్డెన్సీయులు నేడు ప్రొటెస్టెంటులలో నొక శాఖగా పరిగణింపబడుచున్నను, వారి చరిత్ర లూథరు పుట్టుకకు మూడు వందల యేండ్లకు ముందే ఆరంభమైనది.

లియాన్ నగరపు వర్తకుడు వాల్డో 1170 ప్రాంతమున తన యాస్తిని బీదలకు పంచి, సువార్తలను ప్రజల వాడుకభాషలోనికి అనువదింపజేసెను. ఆయన యనుచరులు, స్త్రీలు సైతము, వీథులలో బోధింపసాగిరి. గ్రంథము లాటినులోను, వ్యాఖ్యానము గురువుల చేతిలోను ఉన్న కాలమది. 1184లో పోపు మూడవ లూషియస్ వారిని వెలివేసెను. అనుమతి లేక బోధించుటయే వారి ముఖ్యాపరాధము.

అటుపై వారు కొండలలో దాగిరి. వారి సంచారబోధకులకు 'బార్బా' యని పేరు. ఆ ప్రాంతపు పలుకుబడిలో దానికి బాబాయి, మామ యని యర్థము. మతగురువును తండ్రీ యని సంబోధించు దేశమున వీరు తమ గురువును బాబాయి యనిరి. వారి స్వభావమంతయు ఈ యొక్క మాటలోనే తెలియుచున్నది. బార్బా కాగోరు యువకులు మూడు నాలుగేండ్లు చలికాలపు నెలలలో చదువను వ్రాయను నేర్చి, మత్తయి, యోహాను సువార్తలను కంఠస్థము చేయుదురు. పుస్తకమును తగులబెట్టవచ్చును గాని కంఠమందున్న దానిని తగులబెట్టుట యెట్లు?

1532లో చాన్‌ఫొరాన్ సభయందు వారు మతసంస్కరణోద్యమమున చేరిరి. ఒలివెతాన్ అనువదించిన ఫ్రెంచి బైబిలు 1535లో అచ్చగుటకు ఈ కొండరైతులే ధనము కూర్చిరి. దాని మూల్యము తరువాతి శతాబ్దమున చెల్లింపవలసి వచ్చెను. 1655 ఏప్రిలులో సవాయ్ డ్యూకు సైన్యములు లోయలలో మారణహోమము గావించెను. ఇంగ్లండులో క్రాంవెల్ దానిని నిరసింపగా, ఆ లేఖలను లాటినులో వ్రాసినది అంధుడైన మహాకవి మిల్టను. ఆ దుఃఖముపై ఆయన వ్రాసిన సానెట్ ఆంగ్లసాహిత్య విద్యార్థులకు సుపరిచితమే. 1686లో లోయలు మరల నిర్జనము లయ్యెను. చెరలలో చావక మిగిలినవారు స్విట్జర్లండు చేరిరి. 1689లో ఆన్రీ ఆర్నో నాయకత్వమున సుమారు వేయిమంది కొండలు దాటి ఆయుధపాణులై స్వస్థలమునకు మరలివచ్చిరి.

ప్రాణములు దక్కెను గాని హక్కులు దక్కలేదు. లోయల వెలుపల భూమి కొనుటకు వీలు లేదు; విశ్వవిద్యాలయముల ద్వారములు మూసియుండెను. ఇట్టి సమయమున వచ్చినవాడు వాటర్లూ యుద్ధమున కాలు పోగొట్టుకొనిన ఆంగ్లేయ సేనాని చార్లెస్ బెక్‌విత్. 1827లో ఆయన వెల్లింగ్టన్ ప్రభువు గ్రంథాలయమున, వేచియున్న వేళ, ఈ జనులను గూర్చిన పుస్తకమొకటి తిరుగవేసెను. అదియే ఆయన జీవితమును మార్చివేసెను. పల్లెపల్లెకు, తుదకు నాలుగిండ్ల గుంపునకు సైతము, చిన్న బడి యుండవలెనని ఆయన పట్టుదల. గ్రామస్థుల శ్రమ, ఆయన ధనము కలిసి నూరుకు పైగా బడులు లేచెను. అంతకుముందు చలికాలపు చదువులు పశువుల వెచ్చదనము కొరకు కొట్టములలోనే సాగుచుండెడివి. అంగ్రోన్యా లోయలో అట్టి యొంటిగది బడి నేడు ప్రదర్శనశాలగా నున్నది.

1848 ఫిబ్రవరి 17న రాజు కార్లో ఆల్బెర్తో వారికి పౌరహక్కులను, విశ్వవిద్యాలయ ప్రవేశమును ప్రసాదించెను. ఆరాధన విషయమునను, వారి బడుల విషయమునను మార్పేమియు లేదని మాత్రము అందే యుండెను! అయినను ఏటేట ఫిబ్రవరి 16 రాత్రి లోయలలో నెగళ్లు వెలుగుచునే యున్నవి. తరువాత వారి బోధకులు శుద్ధమైన ఇటాలియను నేర్చుటకై ఫ్లారెన్సు నగరమునకు పోయిరి. దేశమంతటితో మాటలాడుటకు ఫ్రెంచి చాలదు గదా.

2015 జూన్ 22న పోపు ఫ్రాన్సిస్ ట్యూరినులోని వారి దేవాలయమునకు పోయి, పూర్వపు దురాగతములకు క్షమాపణ వేడెను. ఆగస్టులో వారి మహాసభ దానిని గౌరవముతో స్వీకరించెను. కాని నెత్తురు ధారవోసినవారికి మారుగా తాము క్షమింపజాలమని ప్రత్యుత్తరమున వ్రాసెను.